చెవిమేస్త్రి టైమింగ్

మేస్త్రి కోపం ముక్కు మీద ఉండేది, పనితనం చెవుల్లో ఉండేది. కోపానికి ఎవరూ పేరు పెట్టలేదు గానీ పనితనానికి మాత్రం పెట్టారు. చెవిమేస్త్రి అంటే పాత కార్లున్న వాళ్లలో ఎరగనివాళ్లు లేరు. మొదట ఎవరన్నారో ఎవరికీ గుర్తులేదు. ఆయన మాత్రం ఆ పేరుని పెద్ద ఉద్యోగంలా మోసుకు తిరిగేవాడు.

షెడ్డు ఆయనదీ తమ్ముడిదీ. రేకుల కప్పు, నూనె ఇంకి నల్లబడ్డ నేల, రెండు కార్లకు సరిపోయే చోటు. మూడో కారు వస్తే దాని తోక వీధిలోనే ఉండిపోయేది. కొత్త కార్లతో వాళ్లకు పనిలేదు. వాటిలో నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో ఓ చిన్న పెట్టె తనంతట తనే చూసుకుంటుంది. పాత ఇంజిన్లకు ఆ భాగ్యం లేదు, ఆ వేళని మనిషి చేత్తో పెట్టాలి. దాన్నే టైమింగ్ పెట్టడం అంటారు.

చెప్పడానికి సులువే. పిస్టన్ పైకంటా చేరడానికి రవ్వంత ముందు ప్లగ్గులో నిప్పు పడాలి. ఆలస్యమైతే బండి నీరసపడిపోతుంది, ఎత్తు ఎక్కమంటే ఏడుస్తుంది, ఊరికే వేడెక్కుతుంది. మరీ ముందే పడితే, పైకి వస్తున్న పిస్టన్ నెత్తిన మొట్టికాయలు పడ్డట్టే. ఆ మొట్టికాయలు బయటికి టిక్‌టిక్‌మని సన్నగా వినపడతాయి. వినీ విననట్టు నడిపితే ఏదో ఒకరోజు పిస్టన్‌కి చిల్లు పడుతుంది. ఈ ముందూవెనకల పెత్తనమంతా డిస్ట్రిబ్యూటర్ అనే గుండ్రటి డబ్బాది. కింద బోల్టు వదులు చేసి అటు తిప్పితే నిప్పు ముందుకు జరుగుతుంది, ఇటు తిప్పితే వెనక్కి.

మేస్త్రి ఇంజిన్ ఆడుతుండగానే డబ్బాని ముందుకు తిప్పుకుంటూ పోయేవాడు. రెండో చేత్తో యాక్సిలరేటర్ తీగ లాగి వదులుతూ వినేవాడు. టిక్‌టిక్ మొదలవగానే వెంట్రుకవాసి వెనక్కి తెచ్చి బోల్టు బిగించేవాడు. తమ్ముడు ఓ టైమింగ్ లైటు తెచ్చాడు. ఇంజిన్ ముందున్న పుల్లీ మీది గీతని అది వెలిగించి చూపిస్తుంది, గీత ఎక్కడుండాలో చూసుకుని డబ్బా తిప్పుకోవచ్చు. మేస్త్రి దాన్నీ వాడేవాడు, లైటుతో ఆయనకేం పగ లేదు. కాకపోతే ఆఖరి మాట చెవిదే కావాలనేవాడు.

ఆ చెవే మోసం చేసింది. ఒక్కసారిగా చేసి ఉంటే బాగుండేది, తెలిసేది. ఏళ్ల తరబడి సుత్తి దెబ్బల మధ్య, సైలెన్సర్ లేని బళ్ల మధ్య బతికిన చెవులు అవి. ముందు ఫోను మోత పోయింది. తర్వాత కుక్కర్ ఈల పోయింది. ఇంజిన్ హోరు మటుకు ఎప్పటిలాగే నిండుగా వినపడేది. ఆ హోరులోంచి సన్న చప్పుళ్లు ఒక్కొక్కటే జారిపోయాయని ఆయనకెలా తెలుస్తుంది? టిక్‌టిక్ వినపడకపోతే టిక్‌టిక్ లేదనే అనుకున్నాడు. లేదు కాబట్టి డబ్బాని ఇంకాస్త ముందుకు తిప్పాడు.

అలా తిప్పిన బళ్లలో గుడ్లాయన కారు ఒకటి. వెనక సీటు పీకేసి, అక్కడ కప్పు దాకా గుడ్ల ట్రేలు పేర్చుకుని, కొండ మీది కాలనీలో దుకాణాలకు వేసే మనిషి అతను. ఓ పొద్దున ఎత్తు సగం ఎక్కేసరికి బండి పొగ కక్కి ఆగిపోయింది. తాడు కట్టి లాక్కొచ్చారు. విప్పి చూస్తే పిస్టన్‌కి వేలు దూరేంత చిల్లు.

"చప్పుడేం రాలేదా?" అని తమ్ముడు అడిగాడు.

"వచ్చింది. ఎత్తెక్కినప్పుడల్లా గలగలమనేది. ట్రేలనుకున్నా" అన్నాడు గుడ్లాయన.

అప్పటికీ ఎవరికీ మేస్త్రి మీద అనుమానం రాలేదు. పెట్రోలు బాగోలేదన్నారు, బరువెక్కువైందన్నారు. కొత్త పిస్టన్ వేశారు. మేస్త్రి మళ్లీ టైమింగ్ పెట్టడానికి కూర్చున్నాడు. ఇంజిన్ ఆడుతోంది, డబ్బా తిప్పుతున్నాడు, తీగ లాగుతున్నాడు. టిక్‌టిక్ మొదలైంది. పక్కనున్న తమ్ముడు విన్నాడు, గుడ్లాయన విన్నాడు, ఎదురు కొట్టులో కుర్చీలల్లే ఆయన కూడా తల తిప్పి చూశాడు. మేస్త్రి ఇంకాస్త ముందుకు తిప్పాడు. తీగ లాగినప్పుడల్లా ఇంజిన్ లోపల గులకరాళ్లు పోసి ఊపినట్టు మోత. మేస్త్రి బోల్టు బిగించి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ తలెత్తాడు.

"చూశావా, వెన్నలా ఉంది" అన్నాడు.

తమ్ముడు వంగి తాళం తిప్పి ఇంజిన్ ఆపేశాడు. అతని మొహం చూశాక మేస్త్రికి అర్థమైంది.

ఆ రోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. భార్య వంటింట్లో ఉంది. ఆయనకు వినపడేలా ఆమె మాట్లాడాలంటే ఎదురుగా నిలబడి నిదానంగా మాట్లాడాలి, ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. వెనక నుంచి రెండుసార్లు పిలిచింది, పలకలేదు. ఎప్పటిలాగే సణుక్కుంటూ ముందుకొచ్చేసరికి, మనిషి కుర్చీలో కూర్చుని మోకాళ్లు పట్టుకుని ఉన్నాడు.

"నాకు వినపడడం లేదే" అన్నాడు.

ఆమె ఎదురుగా కూర్చుంది. జాలిపడుతుందనుకున్నాడు. ఆమెకు కోపం వచ్చింది.

"అంటే ఇన్నాళ్లూ మీకు వినపడలేదా? నేను పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకుంటుంటే? నన్ను లెక్కచేయడం మానేశారనుకున్నానండీ. నేనంటే విసుగు పుట్టిందనుకున్నాను" అంది. కొంగుతో కళ్లొత్తుకుంది. "ముందే చెప్పి ఏడవొచ్చుగా, ఈ ఏడుపేదో అప్పుడే అయిపోయేది."

డాక్టరు చెవిలోకి దీపం పెట్టి చూశాడు, చెవుల మీద డబ్బాలు పెట్టి చప్పుళ్లు వినిపించాడు, పోయినవి తిరిగి రావన్నాడు. చెవికి పెట్టుకునే మిషన్ ఇచ్చాడు. దాంతో మాటలు కాస్త మెరుగయ్యాయి. షెడ్డులో పెట్టుకుంటే మటుకు రేకుల కప్పు మీద రాళ్లవాన పడ్డట్టుండేది, ఏ చప్పుడు ఏదో తెలిసేది కాదు. తీసి జేబులో వేసుకునేవాడు.

తమ్ముడు చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పడం న్యాయం. షెడ్డు పరువు పోతే ఇద్దరూ వీధిన పడతారన్న భయం అతనిది. అన్నకు ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కదిలిస్తూ చెప్పాడు.

"అన్నయ్యా, కార్బ్యురేటర్లు నువ్వే చెయ్యి, బ్రేకులు చెయ్యి, నీ ఇష్టం. డిస్ట్రిబ్యూటర్ మటుకు ముట్టుకోవద్దు."

మేస్త్రి ఒప్పుకున్నాడు. పిస్టన్‌ని కాల్చింది తనే, కాదనడానికి మొహం చెల్లలేదు. స్టూలు మీద కూర్చుని కార్బ్యురేటర్లు కడిగాడు, ప్లగ్గులు గీకాడు. వచ్చినవాళ్లు ఆయన నెత్తి మీదుగా తమ్ముడితో మాట్లాడడం మొదలుపెట్టారు. ఆయన వైపు చూసి ఓ నవ్వు నవ్వి, తలుపు చాటు జబ్బుమనిషిని పలకరించినట్టు తలూపి పోయేవారు. చెవుడు సంగతి ఆయనెదుట ఎవరూ ఎత్తేవారు కాదు. ఆయనా ఎత్తేవాడు కాదు. ఎవరేం అడిగినా విన్నట్టే తలాడించి, అడగనిదేదో చేసి తిట్లు తినేవాడు. ముక్కు మీది కోపం ఎటు పోయిందో కనపడలేదు. దాంతో వీధికి నిజంగానే భయం వేసింది.

ఓ ఆదివారం ఇంటి వెనక తన పాత స్కూటరు స్టార్టు చేసి, ఇంజిన్‌కి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడిని పళ్లతో కరిచి పట్టుకున్నాడు. చప్పుడు ఎముకల్లోంచైనా వస్తుందేమోనని ఆశ. బట్టలారేయడానికి వచ్చిన భార్య చూసి నిలబడిపోయింది.

"ఆకలైతే అడగొచ్చుగా" అంది, ఎదురుగా వచ్చి.

ఆయనకు నవ్వొచ్చింది, చాలా రోజులకు. పిడి నోట్లోంచి తీసి, అదురు తెలుస్తోందన్నాడు. అంతలోనే మొహం మాడ్చుకున్నాడు. "తెలిసేం లాభం? అసలు టిక్‌టిక్ పుట్టేది బరువుతో ఎత్తెక్కేటప్పుడు. నడుస్తున్న కారు బానెట్‌లో తల పెట్టి కూర్చోలేను కదా."

"ఆ చప్పుడెలా ఉంటుంది?"

"నీకెందుకు?"

"నాకు చెవులున్నాయి కాబట్టి."

అక్కడ పడ్డాడు మేస్త్రి చిక్కులో. తాను వినలేని చప్పుడు ఎలా ఉంటుందో ఎన్నడూ విననివాళ్లకు చెప్పాలి. సన్నగా అన్నాడు, గట్టిగా అన్నాడు, ఇనుము మీద ఇనుము అన్నాడు. ఆమె చెంచాతో గ్లాసు మీద కొట్టింది, సీసాలో చిల్లర వేసి ఊపింది, ప్రతిదానికీ "ఇలాగా?" అని అడిగింది. ఆయన ఆ చప్పుళ్లు వినలేడు, ఎలాగో ఎలా చెబుతాడు? ఇద్దరూ ఒకరినొకరు కసురుకున్నారు. చివరికి ఆయనే విసుగెత్తి అన్నాడు, "మూకుడులో గింజలు వేయిస్తూ పైన మూత పెట్టేస్తే లోపల పేలుతుంటాయి చూడు. దూరం నుంచి వింటే అలా ఉంటుంది."

"అది నాకు తెలుసు" అంది ఆమె.

ఆ వారంలోనే గుడ్లాయన మళ్లీ వచ్చాడు. పోయినసారి టైమింగ్ తమ్ముడు లైటుతో పెట్టాడు, పిస్టన్ భయంతో బాగా వెనక్కి పెట్టాడు. బండి ఎత్తు ఎక్కడం లేదు. సగం ట్రేలు కింద దించి రెండు తిరుగుళ్లు తిరుగుతున్నాడట, రేడియేటర్ రోజూ కుతకుతమంటోందట. తమ్ముడికీ కారణం తెలుసు. ఆ కారు పుల్లీ మార్చి ఎవరో వేరే ఇంజిన్‌ది వేశారు, దాని మీది గీత ఆ ఇంజిన్‌కి చెందినది కాదు. లైటు గీతని చూపిస్తుంది గానీ, గీతే తప్పుచోట ఉంటే లైటేం చేస్తుంది?

"ఇలాగే నడుపుకో. ఇంకో పిస్టన్ పోయేకంటే నయం" అన్నాడు తమ్ముడు.

మేస్త్రి తమ్ముడి పెదాల కదలిక చూసి మాట పట్టుకున్నాడు. స్టూలు మీంచి లేచాడు.

"నేను పెడతాను."

"అన్నయ్యా, అనుకున్నాం కదా."

"అనుకున్నాం. ఇవాళ నేను వేరేగా అనుకుంటున్నాను. ట్రేలన్నీ ఎక్కించి తీసుకొస్తాడు, ఎత్తు మీదే పెడతాను. పక్కన మీ వదిన కూర్చుని వింటుంది."

తమ్ముడు చేతిలో పానా కింద పెట్టేశాడు. "వదినా? లోకం నవ్వుతుంది."

"నవ్వనీ. ఇన్నాళ్లూ జాలిపడింది, దానికంటే నవ్వే నయం."

"తప్పితే?"

"తప్పితే నా పానాలన్నీ నీవే. మళ్లీ ఈ షెడ్డులో ఏ ఇంజిన్ మీదా చెయ్యి వెయ్యను. కార్బ్యురేటర్ కూడా కడగను" అన్నాడు మేస్త్రి.

మర్నాడు కొండ కింద మలుపు దగ్గర కారు నిలబడింది, నిండుగా గుడ్లతో. గుడ్లాయన దేవుడికి దండాలు పెట్టుకుంటూ రోడ్డు పక్కనే ఆగిపోయాడు, ఎక్కనన్నాడు. మేస్త్రి స్టీరింగ్ పట్టుకున్నాడు, భార్య పక్క సీట్లో చీర సర్దుకుని కూర్చుంది. వెనక ట్రేల మధ్య మిగిలిన సందులో తమ్ముడు ఒదిగాడు. తన చెవులతో తాను వినాలనే అతను వచ్చాడు. వినపడగానే తన మోకాలి మీద తట్టమని భార్యకు చెప్పాడు మేస్త్రి.

మొదటిసారి బండి ముక్కుతూ మూలుగుతూ సగం ఎత్తెక్కింది. ఆమె తట్టలేదు. దించారు. బానెట్ ఎత్తి డబ్బాని గోరంత ముందుకు తిప్పాడు. మళ్లీ ఎక్కించారు. కాస్త లాగింది. మళ్లీ దించారు. ఎదురొచ్చే లారీ డ్రైవర్లు ఈ ఎక్కడం దిగడం చూసి హారన్లు కొట్టి నవ్వారు. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, "మీ బళ్లు చూసుకోండి" అంది. తల లోపలికి తీసుకున్నాక చేతులు ఒళ్లో గట్టిగా బిగించుకుంది. తన చెవి తప్పితే ఆయన బతుకు తప్పుతుంది. రాత్రంతా ఆ భయంతో ఆమె నిద్రపోలేదు. ఆయనకు చెప్పలేదు.

మరోసారి తిప్పాక బండికి ప్రాణం లేచొచ్చింది. కింది మలుపు దాటి, గతుకుల రోడ్డు మీద ట్రేలు గలగలలాడుతుంటే, ఎత్తుకి ఎదురు తన్నుకుంటూ పోతోంది. మేస్త్రి కాలు ఇంకాస్త నొక్కాడు. ఆమె మోకాలి మీద తట్టింది.

కాలు తీసేసి బండి ఆపాడు.

"నాకేం వినపడలేదు" అన్నాడు తమ్ముడు వెనక నుంచి. "ట్రేలు వదినా అవి. నేను పుట్టి పెరిగింది ఇంజిన్ల మధ్య, నాకు తెలియదా?"

మేస్త్రి అద్దంలో తమ్ముడి పెదాలు చూశాడు, భార్య వైపు తిరిగాడు. ఎవరి మాట నమ్మినా తేల్చుకునే చెవి తనకు లేదు. తమ్ముడిది నిజమైతే ఇంకా ముందుకు తిప్పాలి. అతని మాటే తప్పయితే అక్కడితో పిస్టన్‌కి మళ్లీ చిల్లే.

"నిజం చెప్పు. ట్రేలేనా?"

"ట్రేల చప్పుడు నాకూ వినపడుతోంది" అంది ఆమె, మొహం ఆయనకు పూర్తిగా తిప్పి, ఒక్కో మాటా విడిగా. "మీరు కాలు తియ్యగానే గింజల చప్పుడు ఆగిపోయింది. బండి ఆగేదాకా ట్రేలు ఆగలేదు."

"ఇంకోసారి ఎక్కించు" అన్నాడు తమ్ముడు.

ఇంకోసారి ఎక్కించారు. అదే చోట ఆమె తట్టింది. మేస్త్రి కాలు తీశాడు, మళ్లీ నొక్కాడు, మళ్లీ తీశాడు. అద్దంలో తమ్ముడి మొహం మారడం ఆయనకు కనిపించింది. ట్రేల మధ్య నుంచి చెయ్యి చాపి, అన్న భుజం మీద అతనూ తట్టాడు.

వెంట్రుకవాసి వెనక్కి. బోల్టు బిగింపు. ఈసారి ఎక్కడా ఆగలేదు. గుడ్లన్నింటితో, ముగ్గురు మనుషులతో ఆ ముసలి బండి పై మలుపు దాటి కొండ నెత్తి మీదికి వచ్చి నిలబడింది. ఆమె చేయి ఒళ్లోంచి కదలలేదు. మేస్త్రి దిగి బానెట్ ఎత్తి, వేడి ఇంజిన్ పక్కన ఊరికే నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. తమ్ముడు లైటు పెట్టి చూసి, ఉలితో పుల్లీ మీద కొత్త గీత కొట్టాడు.

కిందికి వచ్చి కారు అప్పజెప్పగానే గుడ్లాయన ఈ కథని, వాళ్లు షెడ్డుకి చేరేలోపే, ఫోన్లలో వీధంతా చాటేశాడు. నవ్వినవాళ్లు నవ్వారు. సాయంత్రం ఓ పాత కారు వచ్చి షెడ్డు ముందాగింది. దిగినాయన మేస్త్రినీ, లోపల స్టూలు మీద కూర్చుని మంచినీళ్లు తాగుతున్న ఆయన భార్యనీ ఎగాదిగా చూసి, తమ్ముడి వైపు వంగి గొంతు తగ్గించాడు.

"మీ అన్నయ్యకి వినపడదటగా?"

"అబ్బే, అదీ... కొంచెం..." అని నీళ్లు నమిలాడు తమ్ముడు.

మేస్త్రి గుడ్డతో చేతులు తుడుచుకుని ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడ్డాడు.

"వినపడదు" అన్నాడు. "బానెట్ ఎత్తు."